బ్రేకులు లేని బండి మీద పీటర్ క్రేవెన్

పీటర్ క్రేవెన్ 1963 సెప్టెంబర్ 24న స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో కన్నుమూశాడు. అప్పటికి అతనికి 29 ఏళ్ళు. మోటార్ సైకిల్ స్పీడ్‌వేలో రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయినవాడు. అదే ఏడాది అతని జట్టు, మాంచెస్టర్‌కు చెందిన బెల్ వ్యూ ఏసెస్, బ్రిటన్ నేషనల్ లీగును గెలుచుకుంది. అంతకు ముందు ఆ జట్టు లీగు గెలిచింది 1936లో. అంటే 27 ఏళ్ళు ఎదురుచూసిన కప్పు ఇంటికి వచ్చిన సీజనులోనే ఇంటికి పెద్దదిక్కు లాంటి ఆటగాడు పోయాడు. ఇంగ్లండులో ముసలివాళ్ళు ఆ సీజను మాట ఎత్తితే ముందు గుర్తొచ్చేది కప్పు కాదు, క్రేవెన్.

మన దేశంలో ఈ ఆట లేదు. కాబట్టి ఆట సంగతి కొంచెం చెప్పుకోకపోతే మనిషి గొప్పతనం అర్థం కాదు.

స్పీడ్‌వే బండికి బ్రేకులు ఉండవు. ముందు చక్రానికీ లేవు, వెనక చక్రానికీ లేవు. గేరు ఒక్కటే. ఇంజను 500 సీసీ, ఒకే సిలిండరు. మన బుల్లెట్ బండి ఇంజనంత ఉంటుంది గానీ బండి బరువు మాత్రం అందులో సగం కూడా ఉండదు. పెట్రోలు కాదు, మిథనాల్ పోస్తారు. ట్రాక్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. తారు ఉండదు, పొడి రాతిచూర పరిచి ఉంటుంది. బెల్ వ్యూ ట్రాక్ చుట్టు కొలత సుమారు 400 గజాలు. నలుగురు రైడర్లు ఒక్కసారి బయల్దేరి, ఎడమ చేతి వైపే తిరుగుతూ నాలుగు చుట్లు కొడతారు. నిమిషం పైచిలుకులో పందెం అయిపోతుంది.

బ్రేకు లేకుండా మలుపు తిరగడం ఎలా అన్నది మొదట అందరికీ వచ్చే ప్రశ్న. బండిని అడ్డంగా జార్చడమే జవాబు. మలుపు రాగానే రైడర్ బండిని ఎడమకు వాల్చి, వెనక చక్రాన్ని బయటికి జార్చి, ముందు చక్రాన్ని కుడివైపు తిప్పి పట్టుకుంటాడు. ఎడమ కాలి బూటుకు ఉక్కు రేకు తొడుక్కుని ఆ కాలును నేల మీద జారనిస్తాడు. బండి ఒకవైపు చూస్తూ మరోవైపు పోతుంది. వేగం తగ్గించాలంటే జారుడు పెంచాలి, పెంచాలంటే జారుడు తగ్గించాలి. అన్నిటికీ చేతిలో ఉన్నది థ్రాటిల్ ఒక్కటే. పక్కనే మరో ముగ్గురు అదే పని చేస్తుంటారు, వాళ్ళ వెనక చక్రాలు లేపిన రాతిచూర మొహానికి కొడుతూ ఉంటుంది. మన తిరనాళ్ళలో బావిలో బండి తిప్పేవాళ్ళను చూసి గుండె చేత్తో పట్టుకున్నవాళ్ళం మనం. అక్కడ బండి తిప్పేవాడికి ఎదురు ఎవరూ రారు. ఇక్కడ భుజానికి భుజం తగులుతూ నలుగురు ఉంటారు.

జట్టు లెక్క సులువే. ప్రతి పందేన్ని హీట్ అంటారు. ఒక్కో జట్టు నుంచి ఇద్దరు దిగుతారు. మొదట వచ్చినవాడికి 3, తర్వాతి వాళ్ళకు 2, 1, చివరివాడికి సున్నా. ఒకే జట్టు వాళ్ళిద్దరూ మొదటి రెండు స్థానాల్లో వస్తే 5-1. మ్యాచ్ మొత్తం హీట్ల పాయింట్లు కూడితే గెలుపెవరిదో తేలుతుంది. రైడర్లకు జీతం ఉండేది కాదు. పందెంలో దిగినందుకు ఇంత, తెచ్చిన ప్రతి పాయింటుకు ఇంత అని ఇచ్చేవారు. వారంలో ఎన్ని రాత్రులు బండి ఎక్కితే అంత ఇల్లు గడుస్తుంది. క్రేవెన్ జీవితంలో ఈ చివరి సంగతి చాలా ముఖ్యం.

ఈ ఆటకు పుట్టిల్లు ఆస్ట్రేలియా అని చాలామంది చెబుతారు. 1923 డిసెంబరులో వెస్ట్ మెయిట్లాండ్ ఊళ్ళో విద్యుద్దీపాల కింద జరిగిన పోటీలను, వాటిని నడిపిన జానీ హాస్కిన్స్‌నూ ఆద్యులుగా పేర్కొంటారు. బ్రిటన్‌కు 1928లో వచ్చింది. ఆ ఫిబ్రవరిలో లండన్ శివార్లలోని హై బీచ్ దగ్గర పోటీ పెడితే ఊహించనంత జనం విరగబడ్డారు. మరుసటి ఏడాదే లీగులు మొదలయ్యాయి. బెల్ వ్యూ ఆ తొలినాళ్ళ నుంచీ ఉన్న జట్టు. 1933 నుంచి 1936 దాకా వరసగా నాలుగేళ్ళు లీగు గెలిచింది. 1939లోనూ అదే ముందుంది గానీ యుద్ధం వచ్చి సీజను మధ్యలో ఆగిపోయింది.

బెల్ వ్యూ అన్నది నిజానికి ఒక జంతు ప్రదర్శనశాల పేరు. మాంచెస్టర్ మిల్లు కూలీలు, రైల్వే కార్మికులు సెలవు రోజున పిల్లాపాపలతో వెళ్ళే పెద్ద ఉద్యానం అది. ఏనుగులు, పులులు, రంగులరాట్నాలు, డ్యాన్సు హాళ్ళు అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. హైడ్ రోడ్డు స్టేడియం అందులో ఒక భాగం. పగలు జంతువుల్ని చూసి సాయంత్రం బండ్ల పందేలు చూసి ఇంటికి పోయేవారు. ఆ జట్టు మీద ఊరికి అంత మమకారం పెరగడానికి ఇదొక కారణమని నాకనిపిస్తుంది. అది ఆటకోసం మాత్రమే వెళ్ళే చోటు కాదు, ఇంటిల్లిపాదీ వెళ్ళే చోటు.

క్రేవెన్ మాంచెస్టర్ వాడు కాదు. 1934 జూన్ 21న లివర్‌పూల్‌లో పుట్టాడు. చిన్నతనమంతా యుద్ధకాలం. జర్మన్ విమానాలు ఆ రేవుపట్నాన్ని 1941 మే నెలలో వారం రోజులు రాత్రిళ్ళు కాల్చినప్పుడు అతనికి ఇంకా ఏడేళ్ళు నిండలేదు. యుద్ధం ముగిశాక ఇంగ్లండులో తిండికి రేషను, బట్టకు రేషను, పెట్రోలుకు రేషను. వినోదానికి మాత్రం జనం ఎగబడ్డారు. స్పీడ్‌వేకు స్వర్ణయుగం అదే. ప్రతి పెద్ద ఊళ్ళో ఒక ట్రాక్ లేచింది. లివర్‌పూల్‌లోనూ స్టాన్లీ స్టేడియంలో ఒక జట్టు ఉండేది. క్రేవెన్ అక్కడే బండి ఎక్కడం నేర్చుకున్నాడు. అతని అన్నదమ్ముల్లో బ్రయన్ కూడా ఈ ఆటలోకి వచ్చినవాడే.

మొదట్లో అతన్ని చూసి ఎవరూ ఛాంపియన్ అవుతాడని అనుకోలేదు. ఐదడుగులు దాటి కొంచెం ఎత్తు, సన్నటి ఒళ్ళు. జారే బండిని భుజబలంతో లొంగదీయాలి అనుకునే కాలం. పొడుగాటి, బలమైన రైడర్లకే గిరాకీ. క్రేవెన్ తరచూ పడేవాడు. పడి లేచేవాడు, మళ్ళీ పడేవాడు. లివర్‌పూల్ జట్టులో చెప్పుకోదగ్గ చోటు దొరకలేదు. 1952లో బెల్ వ్యూ తీసుకుంది. అప్పటికి ఆ జట్టులో జాక్ పార్కర్ అనే మహామహుడు ఉన్నాడు. 1949 ప్రపంచ ఫైనలులో రెండో స్థానం అతనిది, మూడో స్థానం అదే జట్టులోని లూయీ లాసన్‌ది. అలాంటి వాళ్ళ పక్కన పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఏం చేశాడంటే, వాళ్ళలా నడపడం మానేశాడు.

బలం లేదు కాబట్టి బండిని అణచిపెట్టే ప్రయత్నం చేయలేదు. బండితోపాటు తను కదిలాడు. మిగతా రైడర్లు సీటులో బిగదీసుకుని కూర్చుంటే ఇతను ముందుకూ వెనక్కూ పక్కకూ ఒళ్ళు మారుస్తూ, తన కొద్దిపాటి బరువును ఏ క్షణంలో ఏ చక్రం మీద వేయాలో చూసుకునేవాడు. చక్రం పట్టు తప్పబోతే థ్రాటిల్ తగ్గించకుండా ఒళ్ళు కదిపి సరిచేసేవాడు. అందుకే బ్యాలెన్సు మాంత్రికుడని పేరొచ్చింది. తేలికపాటి ఒళ్ళు కావడంతో నేరుగా పోయే చోట బండి ఇతనికి ఇంకొంచెం ఎక్కువ వేగం ఇచ్చేది. లోపమన్నదే లాభంగా మారింది. ఇది రాయడం సులువు. కానీ ఆ విద్య పట్టుబడేదాకా ఎన్నిసార్లు కంచెకు గుద్దుకున్నాడో తలుచుకోవాలి.

1954లో తొలిసారి ప్రపంచ ఫైనలుకు ఎంపికయ్యాడు. అప్పట్లో ఫైనల్ అంటే లండన్ వెంబ్లీ స్టేడియంలో ఒకే ఒక రాత్రి. పదహారు మంది రైడర్లు, ఒక్కొక్కరికి ఐదు హీట్లు, ఎక్కువ పాయింట్లు వచ్చినవాడే ఏడాదంతా ప్రపంచ ఛాంపియన్. ఒక్క హీట్లో గొలుసు తెగినా, క్లచ్ పట్టినా ఏడాది పోయినట్టే. ఆ మొదటి ఏడు క్రేవెన్‌కు ఏమీ కలిసిరాలేదు. మరుసటి ఏడాది 1955 సెప్టెంబర్ 15న అదే వెంబ్లీలో 13 పాయింట్లు తెచ్చి గెలిచాడు. వయసు 21. న్యూజీలాండ్ వాళ్ళు రానీ మూర్, బ్యారీ బ్రిగ్స్ అతని వెనక నిలిచారు.

అక్కడి నుంచి అతని పేరు మరో నలుగురి పేర్లతో కలిపే వినపడేది. రానీ మూర్, బ్యారీ బ్రిగ్స్, స్వీడన్‌కు చెందిన ఓవే ఫుండిన్, ఆ తర్వాత వచ్చిన మరో స్వీడన్ రైడర్ బ్యోర్న్ క్నుట్సన్. ఈ ఐదుగురే దాదాపు పదేళ్ళు ఆటను ఏలారు. 1954 నుంచి 1967 దాకా ప్రపంచ కిరీటం వీళ్ళ చేయి దాటి బయటికి పోలేదు. క్రేవెన్ 1957లో మూడో స్థానం. 1960లో ఇంకా దగ్గరికి వచ్చాడు. ఫుండిన్, మూర్, క్రేవెన్ ముగ్గురూ 14 పాయింట్లతో సమానంగా నిలిస్తే విడిగా ఒక పందెం పెట్టారు. ఫుండిన్ గెలిచాడు, క్రేవెన్ మళ్ళీ మూడు. వరసగా పదేళ్ళు, 1954 నుంచి 1963 దాకా, ఒక్క ఫైనలూ తప్పలేదు. ఎముకలు విరగడం మామూలైన ఆటలో పదేళ్ళు తప్పకుండా అర్హత సాధించడమన్నది నా లెక్కలో రెండు కిరీటాలకు తక్కువేమీ కాదు.

ఇంతలో ఆట చుట్టూ లోకం మారిపోతోంది. ఇళ్ళల్లోకి టెలివిజన్ వచ్చింది. వినోదపు పన్ను స్టేడియం యజమానుల నడ్డి విరిచింది. 1956 చివర్లో సూయెజ్ గొడవతో పెట్రోలుకు మళ్ళీ రేషను పెట్టారు. 1957లో వెంబ్లీ లయన్స్ జట్టే మూతపడింది. యుద్ధం తర్వాత లీగును తమ ఇంటి సొత్తులా చేసుకున్న జట్టు అది. ఒకప్పుడు పదుల కొద్దీ ఉన్న ట్రాకులు వేళ్ళ మీద లెక్కపెట్టే స్థితికి వచ్చాయి. వింబుల్డన్ జట్టు ఏడాది తర్వాత ఏడాది లీగు గెలుస్తుంటే మిగతావాళ్ళకు ఉత్సాహం సన్నగిల్లింది. 1960లో కొందరు ప్రమోటర్లు ప్రొవిన్షియల్ లీగు పేరుతో రెండో శ్రేణిని మొదలుపెట్టి మూతపడ్డ ఊళ్ళలో దీపాలు వెలిగించారు. ఎడిన్‌బరో అలా తిరిగి లేచిన ఊరే. దాన్ని నడిపింది ఇయాన్ హాస్కిన్స్, ఇందాక చెప్పుకున్న జానీ హాస్కిన్స్ కొడుకు. జానీ హాస్కిన్స్ స్వయంగా 1950లలో బెల్ వ్యూ ప్రమోటరుగా ఉన్నాడు. ఆటలో అందరూ అందరికీ తెలిసినవాళ్ళే. మన ఊరి బంధుత్వాల్లాగే ఏ దారం లాగినా మరో ఇంట్లో తేలుతుంది.

నేషనల్ లీగులో మిగిలింది కొద్ది జట్లు. ఆ కొద్ది జట్లలో ఒక్కో దానిలో ఒక్కో మహారథి. జనం వచ్చేది వాళ్ళను చూడటానికే. కానీ వాళ్ళు బయల్దేరిన క్షణమే ముందుకు పోతే పందెంలో రసం ఏముంటుంది? దానికి అప్పటి పెద్దలు కనిపెట్టిన ఉపాయం, అగ్రశ్రేణి రైడర్లను గీతకు వెనక 20 గజాల దూరంలో నిలబెట్టడం. అంటే ఛాంపియన్ ముందు ముగ్గురి దుమ్ము మింగి, తర్వాత ఒక్కొక్కర్నీ దాటుకుంటూ రావాలి. నాలుగు చుట్లలోనే. మందలో నుంచి దారి తీసుకోవడంలో క్రేవెన్‌ది అందెవేసిన చెయ్యి కాబట్టి ఈ పద్ధతి ప్రేక్షకులకు పండగైంది. రైడర్లకు మాత్రం అదనపు ముప్పు. ముందున్నవాడు శుభ్రమైన ట్రాక్ మీద పోతాడు, వెనకవాడి ముందు ఎప్పుడూ మరో మనిషి ఉంటాడు. ఆ మనిషి పడిపోతే ఏం చేయాలన్నది నిర్ణయించడానికి క్షణంలో పదో వంతు కూడా ఉండదు.

1962 క్రేవెన్‌కు రెండో వసంతం. తొలి కిరీటం వచ్చి ఏడేళ్ళయింది. ఆ మధ్యకాలంలో ఫుండిన్ మూడుసార్లు, బ్రిగ్స్ రెండుసార్లు, మూర్ ఒకసారి గెలిచారు. క్రేవెన్ పని అయిపోయిందనుకున్నవాళ్ళూ ఉన్నారు. సెప్టెంబర్ 8న వెంబ్లీలో 14 పాయింట్లతో గెలిచాడు. బ్రిగ్స్‌కు 13. ఫుండిన్ మూడో స్థానంలో ఉన్నాడు. రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మొదటి ఇంగ్లండు రైడర్ క్రేవెనే. ఆ మాటకొస్తే అతని తర్వాత మరో ఇంగ్లండు రైడర్ రెండోసారి గెలవడానికి 2015 దాకా, టై వాఫిండెన్ వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

ఇక 1963. ఆ ఏడు నేషనల్ లీగులో ఏడే జట్లు. బెల్ వ్యూ, వింబుల్డన్, నార్విచ్, సౌతాంప్టన్, ఆక్స్‌ఫర్డ్, స్విండన్, కవెంట్రీ. ఏడు జట్లంటే చూడటానికి చిన్నదిగా ఉంటుంది. కానీ ఒక్కో ఊరికి వెళ్తే ఎదురయ్యేవాళ్ళు చూడండి. నార్విచ్‌లో ఫుండిన్. ముందటి ఏడు లీగు గెలిచిన సౌతాంప్టన్‌లో బ్రిగ్స్, క్నుట్సన్. ప్రపంచ ఫైనల్లో కలిసేవాళ్ళే లీగులో వారం వారం ఎదురుపడేవారు. శనివారం బెల్ వ్యూలో సొంత జనం ముందు, మిగతా రోజుల్లో ఏ ఊళ్ళో మ్యాచ్ ఉంటే ఆ ఊరికి. కారు వెనక బండి కట్టుకుని, రాత్రంతా ప్రయాణం చేసి, పొద్దున ఇంజను విప్పి కడిగి, సాయంత్రానికి మళ్ళీ బిగించి పోటీకి దిగడం. ఈ రైడర్లను మన రోజుల్లోని క్రీడా తారల్లా ఊహించుకోకూడదు. లారీ డ్రైవర్ల జీవితానికి దగ్గర వాళ్ళ జీవితం. క్రేవెన్‌కు పెళ్ళయింది, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు.

బెల్ వ్యూలో అతని వెంట డిక్ ఫిషర్, సిరిల్ మెయిడ్‌మెంట్, స్వీడన్ నుంచి వచ్చిన సోరెన్ షోస్టెన్ లాంటివాళ్ళు ఉన్నారు. క్రేవెన్ ఒక్కడే పాయింట్లు తెచ్చి జట్టును మోసిన కాలం నుంచి, మిగతావాళ్ళు కూడా భుజం కలిపిన కాలానికి వచ్చారు. లీగు గెలవాలంటే ఒక్క మహారథి చాలడు, ఐదో ఆరో రైడరు తెచ్చే ఒక్కో పాయింటు కావాలి. అంతకు ముందు ఏళ్ళలో బెల్ వ్యూకు కొరవడింది అదే.

సెప్టెంబర్ 14న వెంబ్లీ ఫైనల్ జరిగింది. క్రేవెన్ కిరీటం నిలబెట్టుకోలేకపోయాడు. ఫుండిన్ గెలిచాడు, క్నుట్సన్, బ్రిగ్స్ తర్వాత నిలిచారు. ఆరు రోజులు గడిచాయి. సెప్టెంబర్ 20, శుక్రవారం, బెల్ వ్యూ జట్టు ఎడిన్‌బరో వెళ్ళింది. ఓల్డ్ మెడోబ్యాంక్ మైదానంలో ఎడిన్‌బరో మోనార్క్స్‌తో మ్యాచ్. ఇది లీగు మ్యాచ్ కాదు. రెండు జట్లవీ వేర్వేరు లీగులు. పట్టికలో చేరే పాయింట్లేమీ లేవు. రెండో శ్రేణి ఊరి జనానికి పెద్ద ఆటగాళ్ళను దగ్గరగా చూపించే స్నేహపూర్వక పోటీ. మామూలు రాత్రి, మామూలు పని.

ఒక హీట్లో ఎడిన్‌బరో రైడర్ జార్జ్ హంటర్ ముందున్నాడు, క్రేవెన్ అతని వెనక వస్తున్నాడు. హంటర్ అదుపు తప్పి ట్రాక్ మీద పడ్డాడు. క్రేవెన్ అతని మీదుగా పోకుండా బండిని పక్కకు తిప్పాడు. ఆ వేగంలో బండి నేరుగా వెళ్ళి కంచెను గుద్దుకుంది. తలకు బలమైన దెబ్బ తగిలింది. ఎడిన్‌బరో రాయల్ ఇన్‌ఫర్మరీకి తీసుకెళ్ళారు. నాలుగు రోజుల తర్వాత, 24వ తేదీన ప్రాణం పోయింది.

ఇంకొకరి కోసం ప్రాణమిచ్చాడని చాలామంది రాస్తారు. అది తప్పని అనను. అయితే ఆ క్షణంలో అతను త్యాగం గురించి ఆలోచించి ఉంటాడని చెప్పడం మనిషిని దేవుణ్ణి చేయడమే అవుతుంది. బ్రేకు లేని బండి మీద ముందు మనిషి పడిపోతే రైడర్‌కు దారులు రెండే. ఒకటి అతని మీదుగా పోవడం, రెండోది కంచె. రెండో దారి పట్టాలన్నది చేతులకు ఏళ్ళ తరబడి అలవాటైన సంగతి. ప్రతి వారం ఏదో ఒక ట్రాక్ మీద ఎవరో ఒకరు అదే చేస్తూ లేచి దుమ్ము దులుపుకునేవారు. క్రేవెన్ కూడా అంతకు ముందు ఎన్నోసార్లు చేసి ఉంటాడు. ఆ ఆటలో మర్యాద అంటే అది. హంటర్ బతికి బయటపడి ఆ తర్వాత చాలా ఏళ్ళు పోటీల్లో పాల్గొన్నాడు.

ఆ రోజుల్లో రక్షణ ఎంత తక్కువో ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. తలమీద గిన్నె బోర్లించినట్టుండే హెల్మెట్. చెంపలకూ దవడకూ కాపు లేదు, మొహానికి కళ్ళద్దాలు, ఒక గుడ్డ. మొహమంతా కప్పే హెల్మెట్లు తర్వాతి కాలానివి. ట్రాక్ చుట్టూ గట్టి కంచె. గాలి నింపిన మెత్తటి కంచెలు రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. అవి వచ్చాక ఎందరి ప్రాణాలు నిలబడ్డాయో ఆ ఆట చూసేవాళ్ళందరికీ తెలుసు.

1963 సీజను లెక్కలు పూర్తయ్యేసరికి పట్టికలో అందరికంటే పైన బెల్ వ్యూ ఉంది. వెంబ్లీలు, వింబుల్డన్‌లు ఏలిన ఇన్నేళ్ళకు మాంచెస్టర్‌కు మళ్ళీ లీగు కిరీటం. ఆ సీజను వేసవి అంతా ఆ జట్టుకు పాయింట్లు తెచ్చిపెట్టిన మనిషి దాన్ని చూడలేదు.

ఆ లీగు కూడా ఎక్కువ కాలం బతకలేదు. సౌతాంప్టన్ స్టేడియం 1963 సీజనుతోనే మూతపడింది. బ్రిగ్స్ స్విండన్‌కు వెళ్ళాడు. 1964లో నేషనల్ లీగును ఆక్స్‌ఫర్డ్ గెలిచింది. ఆ ఏడు చివర నార్విచ్ కూడా పోయింది. రెండో శ్రేణి లీగుకూ ఆట పెద్దలకూ మధ్య పెద్ద తగాదా నడిచి ఆ ఏడాది వాళ్ళు వెలివేసినట్టుగా విడిగా పోటీలు పెట్టుకున్నారు. చివరికి రాజీ కుదిరి 1965లో రెండు లీగులూ కలిసి 18 జట్ల బ్రిటిష్ లీగు అయింది. బెల్ వ్యూ, ఎడిన్‌బరో ఒకే లీగులో చేరాయి. క్రేవెన్ బతికుంటే ఆ కొత్త లీగుకు ముప్పై ఒకటో ఏట అడుగుపెట్టేవాడు. రైడర్‌కు అది పెద్ద వయసేమీ కాదు.

బండ్లూ మారాయి. క్రేవెన్ కాలంలో ట్రాక్ మీద ఎక్కువగా కనపడింది ఇంగ్లండులో తయారైన జె.ఎ.పి. ఇంజను. ఆ తర్వాత చెకోస్లొవాకియా నుంచి ఈసో బండి వచ్చింది. కొద్ది కాలానికి దాని మీద జావా పేరు పడింది. కర్ణాటకలో స్థిరపడ్డ మన పాఠకులకు ఆ పేరు కొత్త కాదు. 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా వాళ్ళు తయారు చేసిన జావాలు, తర్వాతి యెజ్డీలు మన తాతల కాలంలో ఎన్ని ఇళ్ళ ముందు నిలబడి ఉండేవో. ఆ కంపెనీ మాతృసంస్థ బండ్లే తర్వాత ఎన్నో ఏళ్ళు స్పీడ్‌వే ట్రాకుల మీద తిరిగాయి. తేడా ఒక్కటే, మనవాటికి బ్రేకులు ఉండేవి.

క్రేవెన్ పోయిన మరుసటి ఏడాది, 1964లో, బెల్ వ్యూ అతని పేరిట స్మారక ట్రోఫీ పోటీ మొదలుపెట్టింది. దేశదేశాల రైడర్లు దానికి వచ్చేవారు. చాలా ఏళ్ళు నడిచింది. క్రేవెన్ తర్వాత ఇంగ్లండుకు మరో ప్రపంచ ఛాంపియన్ దొరకడానికి 14 ఏళ్ళు పట్టింది. 1976లో పోలండులో గెలిచిన ఆ కుర్రాడు కూడా బెల్ వ్యూ జట్టువాడే. అతని పేరు కూడా పీటరే, పీటర్ కాలిన్స్.

ఎడిన్‌బరోలోని ఓల్డ్ మెడోబ్యాంక్ మైదానం 1967 తర్వాత లేదు. 1970 కామన్వెల్త్ క్రీడల కోసం ఆ చోట కొత్త స్టేడియం కట్టారు. మాంచెస్టర్‌లో జంతు ప్రదర్శనశాల 1977లో మూతపడింది. హైడ్ రోడ్డు స్టేడియం ఇంకో పదేళ్ళు నిలిచి 1987లో చివరి పోటీ జరుపుకుంది. ఏసెస్ జట్టు ఆ పక్కనే ఉన్న కుక్కపందేల స్టేడియానికి, 2016లో కొత్తగా కట్టిన జాతీయ స్పీడ్‌వే స్టేడియానికి మారింది. క్రేవెన్ శనివారం రాత్రిళ్ళు చుట్లు కొట్టిన ఆ నేల మీద కార్ల వేలం కేంద్రం వెలిసింది.